వెనక ముందైన గౌను

ఆ బస్టాండులో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. మొహం తెలిసినవాళ్ళు మాత్రం పదిమంది కూడా ఉండరు. పంతొమ్మిదేళ్ళుగా మేడ మీది మైకు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో, ఏది ఎంత ఆలస్యమో, ఎవరి గొడుగు ఏ బస్సులో మిగిలిపోయిందో చెబుతూ వచ్చింది. డ్రైవర్లు, కండక్టర్లు, టీకొట్టు ఆయన, చివరికి కంట్రోలరు కూడా ఆమెను మైకమ్మ అనే పిలిచేవారు. పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

మైకు గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల, గోడకి టైముల పట్టిక, ఒకే ఒక కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే బస్సుల నెత్తులు కనిపిస్తాయి. వాటి మీద కట్టిన మూటలు, ఎండకు వెలిసిన పెయింటు, ఎవరో విసిరేసిన చెప్పు. మనుషులు కనిపించరు, మనుషులకు ఆమె కనిపించదు. అందుకని బట్టల గురించి పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. నాలుగు పొడుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, చలికాలానికి ఒక నీలం స్వెట్టరు. ఉతికినవి వేసుకోవడం, విడిచినవి ఉతుక్కోవడం. చొక్కా మోచేతి దగ్గర పల్చబడితే, "ఎవరు చూడొచ్చారు" అనుకునేది.

ఇంట్లో చూసేది ఒక్క అమ్మే. ఆ చూపు మాత్రం సూదిమొనలాంటిది. అమ్మ ముప్పై ఏళ్ళు ఒక గుడ్డల కొట్లో బట్ట కొలిచి, చింపి ఇచ్చే పని చేసింది. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి, అది ఎన్ని ఉతుకులు ఓరుస్తుందో చెప్పేది. గుడ్డ తానుల చివర మిగిలిన ముక్కలు కొట్టు యజమాని పనివాళ్ళకు ఇచ్చేవాడు. ఎక్కువగా వాటితోనే అమ్మ తనకు గౌన్లు కుట్టుకునేది. ముదురాకుపచ్చ, ఇటుకరంగు, ఊదా, సన్నటి తెల్ల చారలున్న బూడిదరంగు, ఇలా పదకొండు గౌన్లు. అన్నీ గట్టి గుడ్డ, నిండు చేతులు, మడమ దాకా పొడుగు.

తొమ్మిదేళ్ళ కిందట అమ్మ మెట్ల మీంచి జారిపడింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ కాళ్ళు మళ్ళీ మాట వినలేదు. మంచాన పడ్డ మనిషికి తల మీంచి గౌను తొడగడం ఎంత కష్టమో తొడిగినవాళ్ళకే తెలుసు. వారం రోజులు ఇద్దరూ యుద్ధం చేశారు. ఎనిమిదో రోజు మైకమ్మ కత్తెర తెచ్చి, పదకొండు గౌన్లనూ వీపు వైపు మెడ నుంచి అంచు దాకా నిలువునా కోసేసింది. అంచులు మడిచి కుట్టి, మూడేసి చోట్ల నాడాలు పెట్టింది. ఇక ముందు నుంచి చేతులు తొడిగి, వెనక ముడి వేస్తే చాలు.

అమ్మ అదంతా గుడ్లప్పగించి చూసింది. "బంగారంలాంటి గుడ్డ. ఆసుపత్రి గుడ్డ చేశావు కదే," అంది.

"మరేం చెయ్యమంటావు?"

"కోస్తే కోశావు, ఆ కుట్టయినా తిన్నగా వెయ్యి. వీపు నాకు కనిపించదనా?"

విప్పి మళ్ళీ కుట్టేదాకా అమ్మ నోరు మూయలేదు. అలా తొమ్మిదేళ్ళు. పొద్దున ఒళ్ళు తుడవడం, గౌను మార్చడం, పక్కింటామెకు తాళం ఇవ్వడం, డ్యూటీకి పరిగెత్తడం, సాయంత్రం వచ్చి మళ్ళీ మొదలుపెట్టడం. విసుక్కున్న రోజులున్నాయి, నవ్వుకున్న రోజులూ ఉన్నాయి.

అమ్మ పోయింది ఒక బుధవారం పొద్దున పదిన్నరకు. పక్కింటామె కంట్రోలరు గదికి ఫోన్ చేసింది. కంట్రోలరు పెద్దాయన, మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె మైకు ముందు ఉంది. ఆయన మొహం చూస్తూనే, "మూడో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది, ప్రయాణికులు గమనించగలరు," అని ముగించి మీట నొక్కింది. ఆయన చెప్పాడు.

"సరే సార్," అంది. సంచీ భుజానికి తగిలించుకుంది. "పదకొండుకి కొండవైపు బస్సుంది. అది ఎవరైనా చెప్పాలి."

ఆ మాట బస్టాండంతా పాకింది. కొందరు డ్యూటీ అంటే అదీ అన్నారు. కొందరు రాతిగుండె అన్నారు. ఇంటి దగ్గర వదిన గొల్లుమంది, అన్నయ్య గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మైకమ్మ వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఏడుపు వస్తుందేమోనని తనూ చూసింది. రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వారానికి అది వచ్చేది కాదని తేలిపోయింది. బాధ లేదు, అలాగని తేలిగ్గానూ లేదు. ఒళ్ళంతా ఎవరో దూది చుట్టి, దూది లోపల తనని మర్చిపోయినట్టుంది. సాయంత్రం ఇంటికొచ్చి, సంచీ భుజాన ఉండగానే ఖాళీ మంచం మీద కూర్చునేది. ఎంతసేపు కూర్చుందో దీపం వేయాల్సి వచ్చినప్పుడు తెలిసేది.

మూడో నెలలో మేనేజరు పిలిపించాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. చెప్పాల్సింది చెప్పలేక పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి అవస్థ పడ్డాడు.

"మీ గొంతు బాగాలేదని కాదమ్మా. అన్ని బస్టాండుల్లోనూ రికార్డు చేసిన గొంతు పెడుతున్నారు. మిషను. టైముకి దానంతటదే చెప్తుంది."

"సరే సార్."

"ఉద్యోగానికేం ఢోకా లేదు. కింద విచారణ కౌంటరు ఖాళీగా ఉంది. ఒకటో తారీకు నుంచి అక్కడ కూర్చోండి."

"సరే సార్."

"మీకు బాధగా ఉందేమో..."

ఆమె కాసేపు ఆలోచించింది, అబద్ధం చెప్పకూడదని. "ఏమీ లేదు సార్," అంది. నిజంగానే ఏమీ లేదు. ఒకటో తారీకు నుంచి ఎవరో ఇరవై ఏళ్ళ అమ్మాయి గొంతు ప్లాట్‌ఫాంల మీద తియ్యగా పలకడం మొదలుపెట్టింది. మైకమ్మకు మైకు పోయింది, పేరు మాత్రం మిగిలింది.

సంగతి విన్న వదిన ఆదివారం పొద్దున్నే ఊడిపడింది. వదినది పెద్ద నోరు, పెద్ద చెయ్యి. ఎవరింట్లో ఏ లోటున్నా తనే పూడ్చాలనుకునే మనిషి.

"ఇన్నాళ్ళూ మేడ మీద దాక్కున్నావు, గోనెసంచి చుట్టుకున్నా అడిగినవాడు లేడు. ఇప్పుడు పొద్దస్తమానం జనం నీ మొహమ్మీదే ఉంటారు. ఆ వెలిసిపోయిన చొక్కాలతో కూర్చుంటావా? పద, నాలుగు జతలు కొందాం. నేను కొనిపెడతాను," అంది.

కాదనే ఓపిక లేక వెళ్ళింది. మూడంతస్తుల కొట్టు. తలుపు తోయగానే చల్లగాలి, కొత్త గుడ్డల గంజివాసన. వదిన అరలన్నీ జల్లెడ పట్టి చేతినిండా బట్టలు తెచ్చి, ఆమెను తొడిగి చూసుకునే గదిలోకి నెట్టింది. ఆ గదిలో మూడు వైపులా అద్దాలు. మైకమ్మ ఒక పసుపు చొక్కా తొడుక్కుంది. అద్దంలో పసుపు చొక్కాలో ఒక మనిషి ఉంది. విప్పి పువ్వులది తొడుక్కుంది. పువ్వుల్లో అదే మనిషి. పక్క అద్దంలో తన వీపు కనిపించింది. కొంచెం వంగి ఉంది, మంచం మీదకు వంగిన వీపు. దాన్నీ ఎవరిదో చూసినట్టే చూసింది. ఏడు జతలూ తొడిగి, విప్పి, మడతపెట్టి బయటికొచ్చింది.

"ఏది నచ్చింది?" అంది వదిన.

"ఏమో వదినా."

"ఏమో ఏమిటి! నచ్చలేదా?"

"నచ్చడమూ లేదు, నచ్చకపోవడమూ లేదు."

వదిన మొహం ముడుచుకుంది. "గోడతో మాట్లాడటం నయం. అదైనా పెచ్చులు రాలుస్తుంది," అంది. వట్టి చేతులతో ఇద్దరూ వెనక్కి వచ్చారు.

విచారణ కౌంటరు బస్టాండు గుమ్మానికి ఎదురుగా ఉంది. ముందంతా అద్దం. లోపల కూర్చున్న మనిషి నోటి ఎత్తులో ఒక గుండ్రటి కన్నం, దాంట్లోంచి మాట వస్తుంది. కింద అరచంద్రంలా ఇంకో కన్నం, దాంట్లోంచి గాలి వస్తుంది. తీరా ఆమె కూర్చున్నదేమో చలికాలం మొదట్లో. జనం వంగి కన్నంలో నోరు పెట్టి అడిగేవారు, ఆమె చెప్పేది. మొదటి వారంలోనే ఒక ముసలి డ్రైవరు ఏదో అడగడానికి వంగి, జవాబు విని, అలాగే వంగి ఉండిపోయాడు.

"మైకమ్మవి నువ్వేనా తల్లీ! పంతొమ్మిదేళ్ళ నుంచీ నువ్వు బాగా లావుగా, తెల్లగా ఉంటావనుకుంటున్నానే!"

"కాదన్నమాట," అంది ఆమె.

"ఏం పర్లేదులే," అన్నాడాయన, ఓదార్చినట్టుగా.

స్వెట్టరు మోచేతులు చినిగాయి, చలి ఆగడం లేదు. అయినా ఆమె ఏమీ చేయలేదు. చలి కూడా దూది అవతలే ఉన్నట్టుండేది. వేళ్ళు కొంకర్లు పోయి టైముల పుస్తకం తిరగెయ్యడం కష్టమైతే, ఓహో చలి అనుకునేది.

ఒకరోజు ఊడ్చే ఆవిడ అడిగింది, "అమ్మా, మీ ఇంట్లో పాత నూలుగుడ్డలేమైనా ఉంటే తెస్తారా? అద్దాలు తుడవడానికి. వీళ్ళిచ్చే గుడ్డలకి నీళ్ళే అంటవు."

ఉన్నాయి. పదకొండు గౌన్లు ఉతికి, మడతపెట్టి మంచం కింద ట్రంకులో ఉన్నాయి. దాచుకుందామని ఉంచినవి కావు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు గనక ఉన్నాయి. మర్నాడు పొద్దున ట్రంకు బయటికి లాగి, కత్తెర పక్కన పెట్టుకుని, పైనున్న ముదురాకుపచ్చ గౌను తీసింది. చింపడానికి అంచు పట్టుకుంది. గుడ్డ ఒక పట్టాన చిరగలేదు. నేల చల్లగా ఉంది, తలుపు సందులోంచి గాలి కొడుతోంది. చింపే ముందు వెచ్చగా ఉంటుందని, లేచి ఆ గౌనుని చొక్కా మీదే తొడుక్కుంది. తనకి తనే వెనక ముడి వేసుకోవడం కుదరదు. అందుకని వెనక ముందుకు తిప్పి తొడుక్కుంది. కోత ముందుకొచ్చింది. నాడాలు ఛాతీ మీదికొచ్చాయి. పైరెండూ కట్టింది, మూడోది వదిలేసింది.

అద్దం తలుపు పక్కనే ఉంది. తొడుక్కున్నది గౌనులా లేదు. పొడుగు కోటులా ఉంది. ముందు తెరుచుకుని, భుజాల మీద తిన్నగా కూర్చుని, నడిస్తే రెండు అంచులూ పక్కకు కదులుతున్నాయి. మెడ మాత్రం వెనకది ముందుకొచ్చి కాస్త గొంతుకి పట్టేస్తోంది. కత్తెరతో రెండు వేళ్ళ లోతు కోసి, లోపలికి మడిచి, నాలుగు పోగులు వేసింది. గడియారం చూస్తే టైము మించిపోయింది. విప్పే తీరిక లేదు. విప్పాలనీ అనిపించలేదు. అలాగే బస్సెక్కింది.

పది గంటలప్పుడు ఒకావిడ కౌంటరు దగ్గరికొచ్చింది. చేతిలో ఫైళ్ళు, కంటికి కాటుక, మనిషి చక్కగా ఉంది. బస్సు సంగతి అడిగి, జవాబు విని, కదలకుండా నిలబడింది.

"ఇంకేమన్నా కావాలా అమ్మా?"

"మీ కోటు ఎక్కడ కొన్నారండీ?"

విచారణ కౌంటరులో కూర్చున్నాక ఆమె జవాబు చెప్పలేకపోయిన మొదటి ప్రశ్న అది. "ఇంట్లోదే," అంది చివరికి.

"భలే ఉంది," అని ఆవిడ వెళ్ళిపోయింది.

మైకమ్మకు సంతోషం కలగలేదు. కానీ మధ్యాహ్నం టీ తాగుతూ, టీకొట్టు సామాన్ల అల్మారా అద్దంలో ఒకసారి పక్కకు తిరిగి చూసుకుంది. ఎందుకు చూసుకుందో అడిగితే చెప్పలేకపోయేది. ఊడ్చే ఆవిడకు ఇంట్లో ఉన్న పాత దుప్పటి చింపి తెచ్చి ఇచ్చింది.

ఆ తర్వాత పొద్దున పూట పావుగంట ఖాళీ వచ్చినట్టయింది. నిజానికి అది ఎప్పటినుంచో ఉంది. అమ్మ గౌను మార్చడానికి పట్టే సమయం అది, అమ్మ పోయాక ఏం చెయ్యాలో తెలియక ఊరికే నిలబడి గడిపేసేది. ఇప్పుడు ఆ పావుగంటలో ట్రంకు తెరిచేది. బూడిదరంగు చారలదాన్ని మోకాలి దాకా కత్తిరించి, కత్తిరించిన ముక్కతో నడుముకి పట్టీ చేసింది. చినిగిన నీలం స్వెట్టరు చేతులు తీసేసి, మిగిలిన దాన్ని ఊదా గౌను కింద తొడుక్కుంది. అన్నయ్య బడి రోజుల టై ఒకటి సొరుగులో దొరికితే నాడాలకు బదులు కట్టింది. ఒకరోజు గౌను రంగూ పట్టీ రంగూ కుదరక, విప్పి మార్చుకుని, బస్సు తప్పిపోయి లేటుగా వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

కంట్రోలరు చేతిగడియారం వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూసి, "ముస్తాబుకి టైము పట్టినట్టుందే," అన్నాడు.

"రంగు కలవలేదు సార్," అంది ఆమె నిజాయితీగా.

ఆయన రిజిస్టరులో లేటని రాయలేదు. బస్టాండులో మైకమ్మ రోజుకో కొత్త కోటు కొంటోందని పుకారు లేచింది. లాటరీ తగిలిందన్నారు. ఎవరో ఉన్నారని కూడా అన్నారు. చూస్తే ఆమె అదే మనిషి, అదే గొంతు, అడిగిందానికే జవాబు. మొహంలో ఏ కళా లేదు. మెడ కిందినుంచి మాత్రం ఎవరో మేలుకున్నట్టుంది.

ఇది ఇలా సాగుతుండగా వదిన వాళ్ళ చెల్లెలి ఊరికి బయల్దేరి బస్టాండుకొచ్చింది. సంచీ పట్టుకుని వరసలో నిలబడి, తన వంతు రాగానే నవ్వుతూ వంగింది. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. మైకమ్మ ఆ రోజు ఇటుకరంగుది వేసుకుంది.

"ఇది... అత్తయ్యది కదూ?"

"అవును వదినా."

"మంచంలో వేసుకున్న గౌను. బయటికి వేసుకొచ్చావా?"

"ఉతికాను."

"ఉతికితే మాత్రం! ఏడు జతలు చేతికిస్తే ఏమో అన్నావు. ఇదా నీకు నచ్చింది? నలుగురూ ఏమనుకుంటారు? అన్నావదినా ఉండి గుడ్డముక్క కొనివ్వలేదు, చచ్చిపోయినావిడ బట్టలు చుట్టుకుని తిరుగుతోందనుకోరూ?"

వదిన గొంతుకి మైకు అక్కర్లేదు. వరసంతా చెవులు రిక్కించింది. వెనక నిలబడ్డ ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, కోటు నిక్షేపంగా ఉంది. కానీ మా బస్సు వెళ్ళిపోయేలా ఉంది, కాస్త జరుగుతారా?"

వదిన కళ్ళనీళ్ళు కుక్కుకుని, విసురుగా వెళ్ళిపోయింది. ఏ ప్లాట్‌ఫాం అన్నది అడగనేలేదు. అద్దంలోంచి చూస్తే నాలుగో నంబరు దగ్గర నిలబడి ఉంది. చెల్లెలి ఊరి బస్సు వచ్చేది ఆరో నంబరుకి. మైకమ్మ కౌంటరు మీద 'ఇప్పుడే వస్తాను' అని రాసిన అట్టముక్క పెట్టి, బయటికి నడిచి వెళ్ళింది.

"నాలుగు కాదు వదినా, ఆరు."

వదిన సంచీ తీసుకుని, మొహం తిప్పుకుని, ఆరుకు నడిచింది. ఆ పైన రెండు నెలలు ఫోన్ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని మైకమ్మ తనకు కోపం వచ్చిందా అని వెతుక్కుంది. రాలేదు. సిగ్గేమో అని చూసింది. అదీ లేదు. మర్నాడు పొద్దున మాత్రం చెయ్యి పాత తెల్లచొక్కా దాకా వెళ్ళి ఆగింది. వెనక్కొచ్చి ఇటుకరంగుదే తీసింది. మొండితనమో మరొకటో ఆమెకే తెలియదు. తొడుక్కుంది, వెళ్ళింది, అంతే.

అకాలంగా పడ్డ వానలకు మిషను తీగల్లోకి నీళ్ళు దిగాయి. తియ్యటి గొంతు ఒకే ఊరి పేరును పదిసార్లు పలికి గురక పెట్టింది. జనం ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకో ప్లాట్‌ఫాంకి మూటలతో పరుగులు. మేనేజరు తడుస్తూ కౌంటరుకొచ్చాడు.

"అమ్మా, మీరే పైకి రావాలి. అసలు మిషనొద్దని పైవాళ్ళకి రాసేస్తాను. మీరు శాశ్వతంగా అక్కడే ఉండిపోండి."

"బాగయ్యేదాకా చెప్తాను సార్. తర్వాత కౌంటరుకే వస్తాను."

మేనేజరు తెల్లబోయాడు. ఆమె తన మాట కాదనడం ఆయన ఎప్పుడూ వినలేదు. "ఎందుకమ్మా? పైన ప్రశాంతంగా ఉంటుంది కదా."

"ఉంటుంది సార్. బస్సుల నెత్తులు తప్ప ఇంకేం కనబడవు."

వెనక నుంచి కంట్రోలరు అందుకున్నాడు. "అసలు సంగతి అది కాదు సార్. పైన కోటు చూసేవాళ్ళుండరు."

ఆమె నవ్వలేదు, కాదనీ అనలేదు. రెండు రోజులు పైన చెప్పింది. మూడో రోజు కింద అద్దం వెనక కూర్చుంది, ఊదా గౌనులో.

తర్వాత సెలవు రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. వదిన. చేతిలో పెద్ద పొట్లం. లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, పొట్లం విప్పింది.

"మీ అన్నయ్య పాత చలికోటు. కాలరు అరిగిపోయింది, పురుగు కొట్టింది. పారేస్తానంటున్నారు. గుడ్డ మాత్రం గట్టిగా ఉంది. ఊరికే అడుగుతున్నా, నాకోసమని కాదు... దీన్నేమైనా చెయ్యొచ్చా?"

మైకమ్మ కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిరగేసి, లోపలివైపు చూసింది. లోపల రంగు వెలవలేదు, పచ్చిగా, ముదురు నీలంలో ఉంది. "తిరగేసి కుడదాం," అంది. "లే. చేతులు చాపు."

వదినకు తొడిగి గుండుసూదులు పెట్టడం మొదలుపెట్టింది. భుజం తగ్గించాలి, నడుం దగ్గర లాగాలి.

"ఊపిరి బిగబట్టకు. తర్వాత పట్టదు."

"బిగబట్టలేదు. నేనింతే," అంది వదిన. ఆ తర్వాత, ఎదురుగా గోడను చూస్తూనే, "ఆ ఇటుకరంగు గుడ్డ నేను తెచ్చింది," అంది.

"ఏ గుడ్డ?"

"గౌనుది. మా పెళ్ళయిన కొత్తల్లో. మొదటిసారి అత్తయ్యకు నేను తెచ్చింది అదే. ఆవిడ రెండు వేళ్ళతో నలిపి చూసి, 'రంగు మరీ కళ్ళలో పొడిచేలా ఉంది' అంది. కుట్టుకుంది గానీ బాగుందని ఒక్కనాడూ అనలేదు. నువ్వు దాన్ని నిలువునా కోశావని తెలిసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది."

"నాకు తెలియదు వదినా. చెప్పలేదే?"

"ఎవరడిగారు?"

మైకమ్మ నోట్లో సూదులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మ ఎక్కువ అడిగేది దాన్నే," అంది. "ఆరకపోయినా సరే అదే కావాలనేది. 'ఆ ఎర్రటిది తియ్యవే, అది తొడుక్కుంటే మనిషినైనట్టుంటుంది' అనేది."

"నిజంగా?"

"వారానికి రెండుసార్లు."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేం?"

"అమ్మ ఎవరితో ఏం మంచి అంది గనక!"

వదిన ముక్కు ఎగబీల్చి, "అదీ నిజమే," అంది. చేతులు చాపి అలాగే నిలబడింది. మైకమ్మ మళ్ళీ సూదులు అందుకుంది. వదిన పాత కుట్లు విప్పి ఇస్తే, ఆమె కుట్టింది. గుండీల దగ్గర మాత్రం వాదన వచ్చింది. వదిన మెరిసేవి పెట్టమంది.

"వద్దు. ఆ పెద్ద నల్లవి," అంది మైకమ్మ.

"నాలుగు మెరిసేవి పెడితే నిండుగా ఉంటుందే."

"వద్దన్నానా! నల్లవే. మెరిసేవి పెడితే కోటంతా పాడవుతుంది."

ఆ గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే వదిన డబ్బా పట్టుకుని అలాగే చూసింది. మైకమ్మ కూడా ఒక్క క్షణం ఆగింది. తర్వాత దారం ఎక్కించి నల్లగుండీ పెట్టింది.

సాయంత్రం అన్నయ్య వదినను తీసుకెళ్ళడానికొచ్చాడు. వదిన కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతోంది. అన్నయ్య చెప్పులు విప్పుతూ చూసి, "ఎవరిదే ఆ కోటు? బాగుందే," అన్నాడు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకు చూశాడు. "నాకూ ఇలాంటిదొకటి ఉండేది. ఇంత బాగుండేది కాదులే."

వదిన పెదవులు బిగించి మైకమ్మ వైపు చూసింది. మైకమ్మ ముక్కులోంచి ముందు ఒక గాలి వచ్చింది. తర్వాత నవ్వు. తన గొంతులో నవ్వు ఎలా ఉంటుందో మర్చిపోయిందేమో, అది ఎక్కడెక్కడో తగులుకుంటూ బయటపడింది. వదిన కూడా అందుకుంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని వంగిపోయారు. మైకమ్మ కళ్ళలో నీళ్ళొచ్చాయి. చేతిలో ఉన్న కోటు ముక్కతో తుడుచుకుంది. నవ్వు ఆగాక కూడా ఇంకోసారి తుడుచుకుంది.

"ఇంత నవ్వు దేనికి?" అన్నాడు అన్నయ్య. "ఇంతకీ నా పాత కోటేం చేశావు? పారేశావా?"

"ఆ, పారేశాను," అంది వదిన.

వాళ్ళు వెళ్ళాక మైకమ్మ కిటికీ దగ్గర నిలబడింది. వాన ఆగి వీధి మెరుస్తోంది. అన్నయ్య ముందు నడుస్తున్నాడు, వదిన రెండడుగులు వెనక. వీధి మలుపులో గాలి కొట్టినట్టుంది, వదిన కోటు కాలరు పైకెత్తుకుంది. అలా ఎత్తుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"బాగుంది," అంది మైకమ్మ, ఒంటరిగా, పైకే.